తుమిరా నమ్మిన ఓడ

తుమిరా ఎవర్నీ నమ్మేది కాదు. చేపలమ్మే పిల్ల పొద్దున పట్టిన చేప అంటే దాని మొప్ప ఎత్తి చూసి, వాసన చూసి, "పొద్దున కాదే, మొన్న పొద్దున" అనేది. చీనా కొట్టువాడు ఉప్పు తూస్తే, తక్కెడ తిరగేసి అడుగున మైనం అంటించాడేమోనని గోటితో గీకేది. ఉపవాసాల నెల ముగిసింది, నెలవంక కనబడిందని మసీదు పెద్దాయన చాటింపు వేయించినా, తను పెరట్లోకి వెళ్ళి తలెత్తి చూసి వచ్చి, "ఆఁ, ఉందిలే" అంటే తప్ప ఆ ఇంట్లో పండగ మొదలయ్యేది కాదు.

సురబయా రేవులో ఓడలు బాగుచేసే యార్డు గేటుకు ఎదురుగా మా ఇద్దరి దుకాణాలూ పక్కపక్కనే ఉండేవి. దుకాణాలంటే పెద్దగా ఏమీ లేదు, తాటాకు పందిరి కింద చెరో బల్ల. నాది కాఫీ. ఆమెది అరిటాకు పొట్లంలో అన్నం, సోయా గింజలు పులియబెట్టి అచ్చుకట్టి వేయించిన టెంపే ముక్క, రొయ్యల ముద్ద వేసి నూరిన మిరప. ఆమె చేతి మిరప నూరుడు తిన్నవాడు నా దగ్గరికి వచ్చి కాఫీ తాగక తప్పేది కాదు. అందుకే ఆమె నోటిని ఇన్నేళ్ళు భరించాను.

"వాగీ, ఈ కాఫీలో మొక్కజొన్న వేయించి కలిపావు కదూ?"

"కలిపాను. తాగకు పో."

"కలిపానని ఒప్పుకున్నావంటే ఇంకేదో కూడా కలిపావన్నమాట."

అని, గ్లాసు ఖాళీ చేసి, అడుగున మడ్డి కూడా వేలితో కెలికి చూసేది.

ఆమె అనుమానాలన్నిటికీ పేటంతా నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. ఒక్కదానికి మాత్రం నవ్వేదాన్ని కాను. అది పొగ ఓడల మీద అనుమానం.

ఆమె మొగుడు సర్జి పొగ ఓడలో బొగ్గు ఎగేసేవాడు. మా యార్డులో ఒక ఆనవాయితీ ఉండేది. ఓడకు కొత్త బాయిలరు పెట్టినా, ఓడ యుద్ధానికి బయల్దేరినా, దున్నపోతు తల ఒకటి తెచ్చి ఇంజను కింద, ఓడ అడుగున పెట్టేవాళ్ళు. మసీదు పెద్దాయన నాలుగు మాటలు చదివేవాడు, అందరికీ అన్నం పెట్టేవాళ్ళు. యార్డు నడిపే తెల్లదొరలు ముక్కు మూసుకుని పక్కకు తిరిగి చూడనట్టు ఊరుకునేవాళ్ళు. సర్జి ఎక్కిన ఓడ బోనీ రాజ్యం మీద యుద్ధానికి వెళ్ళినప్పుడు మాత్రం అప్పటి మేస్త్రి మేక తల తెచ్చి గోనెపట్టాలో చుట్టి పెట్టి, దున్నపోతుదేనని చెప్పాడని తుమిరా అనేది. నిజమో కాదో నాకు తెలియదు. సముద్రం మీద ఆవిరి గొట్టం పగిలి సర్జి పోయాడు. ఇంటికి అతని తలపాగా గుడ్డ ఒక్కటే వచ్చింది.

"దున్నపోతు ఆకలికి మేకను పెడితే ఓడ ఊరుకుంటుందా? మిగతాది మా ఆయన దగ్గర వసూలు చేసుకుంది" అనేది తుమిరా. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలోకి చూడలేకపోయేదాన్ని.

అప్పటికి కూతురు రంతిని చిన్నపిల్ల, కొడుకు కస్దు చంకబిడ్డ. కస్దుకు ఊహ తెలిశాక తండ్రి తలపాగా గుడ్డ మీద చెయ్యి వేయించి, ఓడ ఎక్కనని ఒట్టు పెట్టించింది. ఇటుకల బట్టీలో పనికి పెట్టింది. వాడు పొద్దున బట్టీకి వెళ్ళాలంటే యార్డు గోడ పక్కనుంచే వెళ్ళాలి. మెడ అటు తిప్పే నడిచేవాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న కుర్రాడు, మీసం అప్పుడే దట్టమవుతోంది. తల్లి అన్నం గంప దించడానికి రోజూ ఒకసారి వచ్చి, నా బల్ల మీద కూర్చుని, గోడ పైనుంచి కనబడే ఓడల కొయ్యల వంక చూస్తూ కాఫీ తాగేవాడు.

"ఏంట్రా చూస్తున్నావ్?" అని తుమిరా అరిచేది.

"పిట్టనమ్మా."

"ఆ పిట్టకి పొగగొట్టం ఉంటే నీ కాళ్ళు విరుస్తా."

రంతిని మొగుడు సైరి మదురా దీవి మనిషి. బక్కపలచగా ఉండేవాడు, ఆ బక్కతనమే అతనికి కూడు పెట్టింది. పొగ ఓడ సముద్రపు నీళ్ళు మరిగిస్తుంది కదా, ఆ బాయిలరు లోపలంతా ఉప్పు గట్టిపడి రాయిలా పేరుకుంటుంది. చిన్న కంతలోంచి మనిషి లోపలికి దూరి, పడుకుని, సుత్తితో ఆ ఉప్పు పెళ్ళలు కొట్టి తీయాలి. లావుపాటి మనిషి దూరలేడు, భయస్తుడు దూరడు. యార్డులో అందరూ నల్లగా బయటికి వస్తే సైరి తెల్లగా వచ్చేవాడు. కనురెప్పల మీద కూడా ఉప్పే. మాట తక్కువ, నవ్వు తక్కువ. అత్తగారికి అది చాలు.

"మాట్లాడనివాడు లోపల ఏం లెక్కలేస్తున్నాడో ఎవడికి తెలుసు?" అనేది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అతన్ని పేరు పెట్టి పిలిచేది కాదు, వరస పెట్టీ పిలిచేది కాదు. ఆ మదురావాడు, అంతే.

ఇక వెలిరంగ్ సంగతి. దొరల యుద్ధ ఓడ అది, రెండు పక్కలా పెద్ద చక్రాలున్న పొగ ఓడ. మా ఊరికి దక్షిణాన కనిపించే కొండ పేరే దానికి పెట్టారు. తూర్పు దీవుల దగ్గర సముద్రపు దొంగల వెంటపడి తిరిగి తిరిగి బాయిలరు నిండా ఉప్పు పట్టించుకుని రేవుకు వచ్చింది. పడమట ఆచే రాజ్యం మీద యుద్ధమట, త్వరగా బాగుచేసి పంపాలట. యార్డులో పొద్దస్తమానం సుత్తుల మోత. సైరి దాని కడుపులోనే ఉండేవాడు.

ఆ ఏడే యార్డుకు కొత్త ఇంజనీరు దొర వచ్చాడు. తెల్ల చేతి తొడుగులు వేసుకుని తిరిగేవాడు. మేస్త్రి దుల్ వెళ్ళి, దున్నపోతు తల సంగతి మెల్లగా చెవిన వేస్తే, ఆ దొర మండిపడ్డాడు. ఈగలు, కంపు, రోగాలు, ఓడలో కుళ్ళిన మాంసం పెడతారా, నా హయాంలో కుదరదు, ఎవడైనా తెస్తే వాడి పని ఊడుతుంది అన్నాడు. గేటు దగ్గర సిపాయికి కూడా చెప్పి పెట్టాడు. దుల్ బయటికి వచ్చి నా బల్ల మీద కూలబడి ఆ మాట చెప్పాడు. నేను కాఫీ పోస్తున్నదాన్ని ఆగిపోయాను. పక్క బల్ల దగ్గర తుమిరా పొట్లం కట్టడం ఆపేసింది.

"వద్దన్నాడా?" అంది.

"వద్దన్నాడు."

"దున్నపోతు తల వద్దన్నాడా, అసలు తలే వద్దన్నాడా?"

ఆ తేడా దుల్‌కు అప్పటిదాకా తట్టలేదు. మాకందరికీ మాత్రం వెంటనే తట్టింది. ఓడకు తల ఇవ్వకుండా ఉండే మనిషి ఎవడూ ఉండడని మాకు తెలుసు, దొర అయితే మాత్రం ఉంటాడా? దున్నపోతుది వద్దన్నాడంటే ఇంకేదో తల కుదుర్చుకున్నాడనే. పాత వంతెన కట్టినప్పుడూ ఇలాగే మనుషుల తలలు కావాలని పుకారు పుట్టిందని మా అమ్మ చెప్పేది. దొర శుభ్రం కోసమే వద్దన్నాడని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు చెబితే నేనూ నవ్వేదాన్ని.

సాయంత్రానికల్లా ఆ మాట పేట మొత్తానికి పాకింది. కీడు రాకుండా తలుపుల మీద సున్నంతో అడ్డగీతలు గీశారు. పిల్లల్ని కాలువకు పంపడం మానేశారు. గుడ్డలు అమ్ముకునే పరాయి ఊరివాడొకడు మూట భుజాన వేసుకుని వస్తే, మూటలో ఏముందో చూపించమని చితకబాదారు. పాపం, మూటలో గుడ్డలే ఉన్నాయి. ఎవడి సంచి గుండ్రంగా కనబడినా పేట కళ్ళన్నీ దాని మీదే. గుమ్మడికాయలు అమ్మే ముసలాయన వ్యాపారం మానుకుని ఇంట్లో కూర్చున్నాడు.

ఆ గొడవల మధ్య ఒక సంతరోజున కస్దు మాయమయ్యాడు.

పొద్దున బట్టీకని వెళ్ళాడు, బట్టీకి చేరలేదు. తుమిరా బట్టీకి వెళ్ళింది, కోడిపందాల దగ్గరికి వెళ్ళింది, కాలి మాస్ నది పడవల్లో వెతికింది, ఒక విధవరాలి ఇంటికి కూడా వెళ్ళి మంచం కింద చూసింది. తర్వాత వచ్చి తన బల్ల వెనక కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, యార్డు గేటు వంక చూడడం మొదలుపెట్టింది. అంతవరకూ నేను ఆమె చేతులు ఊరికే ఉండగా చూడలేదు.

"ఎక్కడో తిరుగుతుంటాడులే వదినా, కుర్రాడు కదా" అన్నాను.

"ఓడకి తల కావాలి. నా కొడుకు కనబడ్డంలేదు. ఇందులో నీకు అర్థం కానిదేముందే?"

నేను కుండ దించి పేటలోవాళ్ళని పిలుచుకురావడానికి లేచాను.

పేట అంతా కలిసి వెతికింది, సైరి కూడా వచ్చాడు. కానీ వచ్చినవాడు అందరికన్నా వెనక నడిచాడు, నది ఒడ్డున అందరూ పేరు పెట్టి కేకలేస్తుంటే అతను కేకెయ్యలేదు. తుమిరా కళ్ళల్లో వత్తులేసుకుని అతన్నే చూసింది. మర్నాడు అతను అన్నం కొనడానికి వచ్చి ఎప్పుడూ కొనే ఒక్క పొట్లానికి బదులు రెండు అడిగాడు.

"రెండోది ఎవరికి?"

"లోపల పనివాడికత్తా."

"పేరు?"

సైరి పొట్లాలు తీసుకుని తలొంచుకుని గేట్లోకి పోయాడు. తుమిరా నా వైపు తిరిగింది. "చూశావా? నా మొహంలోకి చూడలేకపోయాడు. ఆ కంతలోంచి లోపలికి వెళ్ళేది వీడొక్కడేనే వాగీ. లోపల ఏం పెట్టినా వీడి చేత్తోనే పెట్టాలి. దొర వీణ్ణే పట్టుకున్నాడు."

"నీ అల్లుడు వదినా! కోడిని కోయమంటే పక్కింటివాణ్ణి పిలుచుకొచ్చే మనిషి."

"కోయక్కర్లేదు. చూపించినా చాలు, ఫలానావాడు ఒంటరిగా వెళ్తున్నాడని."

రంతిని ఏడుపు చెప్పతరం కాదు. తమ్ముడు పోయాడు, మొగుడి మీద నింద పడింది. తల్లి రోజూ వెళ్ళి గుమ్మంలో నిలబడి, పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యమనేది. లోపలికి అడుగు పెట్టేది కాదు. "అమ్మా, ఆయన రాత్రిళ్ళు నిద్రపోవడంలేదు, అన్నం ముట్టడంలేదు" అని రంతిని మొత్తుకుంటే, "ఎలా పడుతుంది నిద్ర? నేనైనా అంతే, అలాంటి పని చేసి ఉంటే" అనేది. ఆ మాట పక్కింట్లో విన్నారు, అక్కణ్ణించి పేటంతా విన్నారు. మసీదు దగ్గర సైరి పక్కన నిలబడడం అందరూ మానేశారు. పేట పెద్ద కూడా చూస్తాం, చేస్తాం అంటూ నీళ్ళు నమిలాడు. ఇక ఏదో ఒకటి జరుగుతుందని నాకు అనిపించింది.

ఓడ బాగైపోయింది. బొగ్గు ఎక్కిస్తున్నారు, మర్నాడే ప్రయాణమని చెప్పుకున్నారు. ఆ పొద్దున, నేను రెండో కుండ కాఫీ దించుతుండగా, కబేళా వైపు నుంచి సైరి వచ్చాడు. భుజం మీద గోనెసంచి. సంచిలో అరిటాకులు చుట్టిన గుండ్రటి మూట. దాని అడుగు నుంచి కారుతున్నది మరక కట్టి అతని వీపంతా ఎర్రగా ఉంది.

చూసినవాడెవడో చెక్క డోలు వాయించాడు. మా పేటలో ఆ డోలు దొంగ వచ్చినా, నిప్పంటుకున్నా వాయిస్తారు. ఏ ఇంట్లోంచి ఎవరు పరిగెత్తుకొచ్చారో తెలియదు, నా బల్ల ముందు రోడ్డంతా నిండిపోయింది. కత్తులు, గడ్డపారలు. సైరిని గోడకు నొక్కిపెట్టారు. అతను సంచిని మాత్రం వదల్లేదు, రెండు చేతులతో పొట్టకు అదుముకున్నాడు.

"దొరకి ఎవరి తల అమ్మావురా?"

"నేనెవరి తలా అమ్మలేదు."

"మూట విప్పు!"

"విప్పను. గేటు దగ్గర సిపాయి చూస్తాడు. నా పని పోతుంది."

పని పోతుందట! ప్రాణం పోయేలా ఉంటే. ఇంత తెలివితక్కువ మనిషి మంచివాడు కాకపోయే అవకాశమే లేదని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. కత్తి పట్టుకున్నవాళ్ళకి ఆ మాట చెబితే వింటారా? ఇటుకల బట్టీ వాడొకడు కస్దు పేరు చెప్పి చెయ్యెత్తాడు.

"ఆగండి!"

తుమిరా. బల్ల వెనకనుంచి లేచి వచ్చింది. జనం దారిచ్చారు.

"జరగండి. నా కొడుకైతే ముందు నేను చూడాలి. మీరెవరూ చూడకూడదు."

ఎత్తిన చెయ్యి దిగింది. ఆమె సైరి చేతుల్లోంచి సంచి తీసుకుని నేల మీద పెట్టి, వాళ్ళందరికీ వీపు అడ్డం పెట్టి కూర్చుంది. నేను పక్కనే కూర్చున్నాను, ఆమె భుజం పట్టుకోడానికి. అరిటాకు మీది నార ముడి నేనే తెంపాను. ఆకు తొలిగింది. నల్లటి మూతి, తడి ముక్కు, మందపాటి కొమ్ము.

తుమిరా కొమ్ము పట్టుకుంది. మొదలు నుంచి కొన దాకా చేత్తో తడిమింది. పన్ను చూసింది. చెవి వెనక రుద్దింది.

"దున్నపోతే. ముసలిది కూడా కాదు" అంది.

ఎవడో నవ్వాడు. ఆ నవ్వుతో అందరికీ ఊపిరి వచ్చింది. కత్తులు లుంగీల్లోకి పోయాయి. నాకు ముందే అనిపించిందిరా అని ఒకడు, మదురావాళ్ళు కాస్త మొరటు గానీ మంచోళ్ళు అని ఇంకొకడు. ఇందాక గోడకు నొక్కిపెట్టినవాడే సైరి చొక్కా దులిపాడు. పేట పెద్ద అప్పుడు, అంతా అయ్యాక, పరిగెత్తుకుంటూ వచ్చాడు. నా కాఫీ ఊరికే తాగి ఒక్కొక్కరే జారుకున్నారు. వాళ్ళ మొహాన వేడి నీళ్ళు పోయాలనిపించింది నాకు.

తుమిరా ఒక్కతే నవ్వలేదు. నేల మీద నుంచి లేవలేదు కూడా. తల మీద ఆకు కప్పి, అల్లుడి వైపు చూసింది.

"పని పోతుందని తెలిసి తెచ్చావు. ప్రాణం మీదికి వచ్చినా వదల్లేదు. ఎవరి కోసం?"

"ఓడ కోసం అత్తా. ఆనవాయితీ కదా."

"ఇన్ని ఓడల కడుపుల్లో దూరావు, ఏ ఓడకైనా నీ చేతులారా తల తెచ్చావా? దొరల కోసం ఎవడూ దున్నపోతు తల కొనడు. మనవాడు ఓడలో ఉంటేనే కొంటాడు." ఆమె గేటు వంక చూసింది. "రెండో పొట్లం వాడికేనా?"

సైరి గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. ఉప్పు మొహం మీద కన్నీళ్ళు చారలు కట్టాయి. "ఖురాన్ మీద ఒట్టు పెట్టించుకున్నాడత్తా. ఓడ కదిలేదాకా చెప్పనని. బొగ్గు గదిలో దాక్కున్నాడు, బొగ్గు పనికి వేలిముద్ర వేసేశాడు. నేను వద్దన్నాను. నేను సిఫారసు చెయ్యకపోతే ఇంకొకడి చేత పేరు రాయించుకుంటానన్నాడు. కనీసం తలైనా పెడదామని..."

ఇన్నాళ్ళూ అందరూ అతన్ని హంతకుణ్ణి చూసినట్టు చూస్తుంటే, నోరు కట్టుకుని కూర్చున్నాడు. ఒక్క మాటతో బయటపడేవాడు. ఆ మాట అనలేదు. నాకు దుఃఖం ఆగలేదు. తుమిరా ఏడవలేదు. లేచి నిలబడింది.

"అల్లుడూ, నువ్వు ఇంటికి పో. రంతిని చేత నీళ్ళు పోయించుకో. ఇంత గొడవయ్యాక సిపాయి నిన్ను లోపలికి రానివ్వడు." అని నాతో, "వాగీ, నీ కాఫీ కుండ ఎత్తు" అంది.

అన్నం గంపలోని పొట్లాలు తీసి, అడుగున తల పెట్టి, పైన ఆకులు పరిచి, మళ్ళీ పొట్లాలు సర్దింది. నేను ఒక పక్క, తను ఒక పక్క పట్టుకుంటే గాని ఆ గంప లేవలేదు. ఓడ బయల్దేరే ముందురోజున అన్నం, కాఫీ అమ్మేవాళ్ళని ఓడ దాకా వెళ్ళనిచ్చేవాళ్ళు. గేటు దగ్గర సిపాయి అడ్డం వచ్చాడు, ఇందాకటి డోలు ఏమిటన్నాడు, గంపలో ఏముందన్నాడు.

"అన్నం. నీ చెయ్యి కడిగావా?" అంది తుమిరా. "కడక్కుండా నా అన్నంలో పెట్టు, ఓడలో వాంతులు మొదలైతే ఫలానా సిపాయి చెయ్యి పెట్టాడని దొరకి నేనే చెప్తా."

అతను తన చేతి వంక చూసుకుని పక్కకు తప్పుకున్నాడు.

వెలిరంగ్ మీదికి ఎక్కడం నాకు అదే మొదలు, అదే ఆఖరు. కాళ్ళ కింద ఇనుము వేడిగా ఉంది, ఎక్కడో లోపల నిప్పు గురక పెడుతోంది. బొగ్గు మనుషులకు పెద్ద అయిన సరంగు, పళ్ళు ఊడిన గ్రెసిక్ ఊరి ముసలాయన, గంప చూసి సంబరపడ్డాడు. "రామ్మా రా, మావాళ్ళు ఆకలి మీదున్నారు. ఎవరి తల్లులైనా ఏడ్చుకుంటూ వస్తే వాళ్ళ వాళ్ళని ఇవాళ దింపేస్తా. రేపు దొర పేర్లు పిలిచాడంటే ఇక నా చేతుల్లో లేదు" అన్నాడు హాస్యానికి.

కింద నుంచి నిచ్చెన మీద నల్లగా ఒక్కొక్కరే పైకి వచ్చారు. మూడోవాడో నాలుగోవాడో కస్దు. తల్లిని చూసి నిచ్చెన మీదే ఉండిపోయాడు. ఒళ్ళంతా మసి, కళ్ళు మాత్రం తెల్లగా. పారిపోదామంటే వెనక బాయిలరు, ముందు తల్లి. వాడి మొహంలో ఉన్న భయం చూసి నాకే జాలేసింది. తుమిరా గనక జుట్టు పట్టుకుని ఈడిస్తే ఆ ఓడలో ఆపగలిగేవాడు ఎవడూ లేడు. నేను అదే జరుగుతుందనుకుని కాఫీ కుండ కింద పెట్టేశాను కూడా.

"సరంగన్నా," అంది తుమిరా, "ఆ పొడుగు కుర్రాణ్ణి పంపు. గంప బరువుగా ఉంది, కిందికి దించాలి."

కస్దు వచ్చాడు. గంప అంచు పట్టుకున్నాడు. బరువు తెలియగానే తలెత్తి ఆమెను చూశాడు.

"అన్నం కింద ఉంది," అని మెల్లగా చెప్పింది ఆమె. "మీ బావ తెచ్చాడు. ఇంజను కింద పెట్టు, నువ్వే పెట్టు, ఇంకొకడికి ఇవ్వకు. మూతి ఓడ ముందుకి తిప్పి ఉండాలి. చూసుకుని పెట్టు."

"అలాగేనమ్మా" అన్నాడు. అన్నం అమ్మే ముసలామెను ఎవడైనా అమ్మా అనే అంటాడు, ఎవరూ పట్టించుకోలేదు.

వాడు ఖాళీ గంప తెచ్చి ఇచ్చేదాకా ఆమె అక్కడే నిలబడి, పైనుంచి తీసి ఉంచుకున్న పొట్లాలు అమ్మింది. "పెట్టావా?" "పెట్టాను." "ముందుకి తిప్పావా?" "తిప్పాను." వాడి చెంప మీద మసి ఒక్కసారి బొటనవేలితో తుడిచింది, అంతే. దిగిపోయింది.

రేవు గట్టు మీదికి వచ్చాక నేను ఉండబట్టలేక అడిగాను. "దింపేస్తానన్నాడు కదే సరంగు! ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకు అడగలేదు?"

"ఇవాళ దింపితే రేపు ఇంకో ఓడ ఎక్కుతాడు. వాడి కళ్ళు చూశావుగా? ఆ ఓడకి తల పెట్టారో లేదో, మేకది పెట్టారో పందిది పెట్టారో నాకేం తెలుస్తుంది? దీనికి నేను చూసి మరీ పెట్టించాను. పొగ ఓడల్లో నేను నమ్మే ఓడ ఇదొక్కటే."

మర్నాడు వెలిరంగ్ వెళ్ళిపోయింది. తుమిరా మారిపోయిందని కాదు. నా కాఫీని, చీనావాడి తక్కెడని, చేపలమ్మే పిల్లని అలాగే వేయించుకు తినేది. అయితే రోజూ అల్లుడికి అన్నం పొట్లం తనే కట్టి గేటు దగ్గర ఇచ్చేది, టెంపే ముక్క ఒకటి ఎక్కువ వేసేది. ఆచే నుంచి చెడు కబుర్లు వచ్చేవి. అక్కడ మనుషులు రోగాలకి పిట్టల్లా రాలిపోతున్నారట, ఒక ఓడ ఇసుకదిబ్బ ఎక్కి కూరుకుపోయిందట, ఇంకో ఓడ మీద ఫిరంగి గుండు పడిందట. జనం వచ్చి చెబితే తుమిరా పొట్లం కడుతూనే, "మావాడి ఓడకేం కాదు" అనేది. ఆ స్థిమితం చూసి నాకు ఆశ్చర్యంగా ఉండేది. జీవితంలో మొదటిసారి ఆమె దేన్నో నమ్మి నిద్రపోతోంది.

వానలు తగ్గాక వెలిరంగ్ తిరిగి వచ్చింది. పేటంతా రేవుకు పరిగెత్తింది. చక్రాన్ని కప్పిన పెట్టె మీద ఒకచోట మసి పట్టి ఉంది తప్ప ఓడకు గీత కూడా పడలేదు. దిగినవాళ్ళు దిగారు. చివర్న సరంగు దిగి, తుమిరాను గుర్తుపట్టి, అక్కడే ఆగిపోయాడు.

"ఓడలో ఉన్నంతకాలం వాడికి తలనొప్పి కూడా రాలేదమ్మా" అన్నాడు. "అక్కడ ఒడ్డున మనుషులు చాల్లేదని బొగ్గువాళ్ళని కొందర్ని దింపారు, గుండ్ల పెట్టెలు మోయడానికి. ఆ బురదలో కలరా తగిలింది. పొద్దున తగిలింది, సాయంత్రానికి..."

రంతిని తమ్ముడి పేరు పెట్టి అరిచింది. సైరి ఆమెను పట్టుకున్నాడు. తుమిరా ఓడ దగ్గరికి నడిచింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా గట్టు వెంట నడుస్తూ, దాని పక్కలన్నీ, చక్రాలూ, గొట్టం, అంచుల్లో పట్టిన పాచి, అన్నీ పరీక్షగా చూసింది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు.

నేను వెనకే వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"అన్నిటినీ అనుమానించానే వాగీ," అంది. "నేలనే అనుమానించలేదు."